జానెడులో బెత్తెడు

సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు పెట్టి ఉంది. సారెత్ ఆ గుర్తు వైపే చూస్తూ, చేతికంటిన గ్రీజుని పాత తుండుతో తుడుచుకుంటున్నాడు. గ్రీజు పోయి చాలాసేపయింది. అయినా తుడుస్తూనే ఉన్నాడు.

"ఒక్క వాక్యమేనండీ," అన్నాడు వన్నారిత్. కంబోడియాలోని బత్తంబాంగ్‌లో ఆ షెడ్డుకి పెద్ద అతనే. వయసులో సారెత్ కంటే పదేళ్లు చిన్నవాడు కాబట్టి మర్యాద ఎక్కడా తగ్గనివ్వడు, పని మాత్రం వదలడు. "'యంత్రం పొలమంతటా జానెడు లోతుకి తగ్గకుండా నేలని కొట్టింది.' అంతే. తయారుచేసింది మీరు కాబట్టి మీరు చెప్తేనే చెల్లుతుంది."

యంత్రం షెడ్డులో లేదు. ఓ ఛ్రాల్ అనే ఊరి పొలంలో నాలుగు రోజులుగా ఆగి ఉంది. పాత రష్యా ట్రాక్టరుకి సారెత్ ఇనపరేకులు తొడిగాడు, ముందు ఒక ఇరుసు కట్టాడు, ఇరుసుకి యాభైరెండు గొలుసులు, ప్రతి గొలుసు చివరా పిడికిలంత సుత్తి. ఇరుసు తిరిగితే సుత్తులు నేలని జానెడు లోతు కొడతాయి. ఆ లోతులో ఉన్న మందుపాతర పేలిపోవాలి, లేదా నుగ్గయిపోవాలి. గొలుసులు గాల్లో లేచినప్పుడు చూసి ఊళ్లవాళ్లు దానికి 'జుట్టువిరబోసిన ముసల్ది' అని పేరుపెట్టారు. పేరు విని సారెత్ నొచ్చుకోలేదు. తన బిడ్డకి ఊరు పెట్టిన ముద్దుపేరు లాగే ఉంది అతనికి.

ముసల్ది కొట్టిన నేలని వెనకాల మనుషులు మళ్లీ చూస్తారు. తాళ్లు కట్టి మీటరు వెడల్పున చాళ్లు తీసుకుని, డిటెక్టరు పట్టుకుని, అడుగు తర్వాత అడుగు. అలా చూస్తూ ఉండగానే శుక్రవారం ఉదయం ఫల్లీ అనే అమ్మాయి ఎడమ పాదం పోయింది.

"తాడు దాటి అడుగు బయటికేసింది," అన్నాడు వన్నారిత్. "పేలిన గుర్తు దొరికింది. తాడుకవతల మూరెడు. రూలు తప్పింది ఆమె."

"తాడుకవతల కూడా ముసల్ది కొట్టిన నేలే కదా సార్."

"అవును."

"జానెడు కొడితే అక్కడ పాతర ఎట్లా మిగిలింది?"

వన్నారిత్ కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "యంత్రమన్నాక నూటికి నూరు తియ్యదండీ. అందుకేగా వెనక మనుషుల్ని పెట్టింది. చూడండి, ఈ శుక్రవారం రాజధాని నుంచి పెద్దవాళ్లొస్తున్నారు. వాళ్లు ఊఁ అంటే ఇట్లాంటివి ఇంకా ఆరు చేస్తాం. ఊహూఁ అంటే ఈ షెడ్డులో ఇరవైమంది ఏం చేస్తారో మీరే చెప్పండి."

"అమ్మాయి సంగతి?"

"సొంత తప్పు కాకపోతే ఆఫీసులో రేడియో దగ్గర కూర్చోబెడతారు. సొంత తప్పయితే..." వాక్యం పూర్తిచేయకుండా పెన్ను మూత తీసి ముందుకు జరిపాడు.

పాతరలు తీసే పనిలో 'అజాగ్రత్త మనిషి' అన్న పేరొకసారి పడిందంటే చచ్చేదాకా వదలదు. వంటకి కూడా పిలవరు. సారెత్‌కి అది తెలుసు. తను సంతకం పెట్టేది యంత్రానికి మంచిపేరు కోసం కాదనీ, ఆ పిల్లకి చెడ్డపేరు కోసమనీ కూడా తెలిసింది.

"పొలం చూసొచ్చి పెడతాను," అన్నాడు.

వన్నారిత్ వెళ్లాక బల్ల సొరుగు లాగాడు. నట్ల డబ్బాలో అడుగున, బొటనవేలంత ఇనప పిన్ను ఉంది. ఇరుసు తిరుగుతున్నంతసేపూ దాన్ని పైకెత్తే లివరు కదలకుండా పట్టుకునే పిన్ను అది. మూడు నెలల కిందట తన చేత్తోనే పీకాడు. కాసేపు అరచేతిలో పెట్టుకుని, జేబులో వేసుకున్నాడు.

ఆసుపత్రిలో ఫల్లీ మంచం కిటికీ పక్కన ఉంది. దిండుకి ఆనుకుని కూర్చుని గంజి తాగుతోంది. నంజుకోడానికి ఉప్పుచేప ముక్క. దుప్పటి ఎడమవైపు చివర పల్చగా పడిపోయి ఉంది. సారెత్ అటు చూడకూడదని ఎంత అనుకున్నా చూపు అక్కడికే పోయింది.

"చూడు బాబాయ్, ఫర్లేదు. నేనూ దాన్నే చూస్తా పొద్దస్తమానం," అంది ఫల్లీ. "బొటనవేలు దురద పెడుతుంది. లేని వేలికి దురదేంటో. డాక్టరుని అడిగితే గోక్కోకూడదన్నాడు. గోక్కోడానికి ఉంటేగా."

నవ్వింది. సారెత్‌కి నవ్వు రాలేదు. తెచ్చిన అరటిపళ్లు గూట్లో పెట్టి, స్టూలు అంచున కూర్చున్నాడు.

"తాడు దాటావా అమ్మాయ్?"

"దాటా. అబద్ధమెందుకు." గంజి గిన్నె ఒళ్లో పెట్టుకుంది. "అక్కడ పుట్ట ఉందిగా బాబాయ్, పొలం మధ్యలో. ఊరి తాత పుట్ట, ఊరిని కాచే పెద్దాయనది. నా చాలు సరిగ్గా దాని పక్కనుంచే పోయింది. రోజూ పని మొదలెట్టేముందు ఇవతల నుంచే ఒక అగరొత్తి గుచ్చేదాన్ని. ఆ రోజు చాలు పుట్ట దగ్గరికొచ్చేసరికి కాలు దాని అంచు మీద పడేట్టుంది. పెద్దాయన మీద కాలెట్టడం ఎట్లా? అడుగు పక్కకేశా."

"రూలు తెలుసుగా."

"తెలుసు. నువ్వు కొట్టిన నేలేగా అనుకున్నా బాబాయ్. సారెత్ బాబాయ్ ముసల్ది కొట్టాక ఇంకేముంటుందిలే అనుకున్నా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేదనిపించింది సారెత్‌కి.

"కాగితంలో ఏం రాశారో నాకు తెలుసు," అంది ఫల్లీ, చేపముక్క ముల్లు తీస్తూ. "తప్పు నాదే అంటే కాదనను. కానీ అజాగ్రత్త మనిషినని రాయొద్దని చెప్పు. ఏడేళ్లు చేశా. మోకాళ్లు అరిగేదాకా చేశా. తొంభై మూడు తీశా. ఒక్కసారి కూడా... ఆ మాట మాత్రం రాయొద్దని చెప్పు బాబాయ్." ముల్లుని గిన్నె అంచున పెట్టింది. తర్వాత తనే సర్దుకుని, "అయినా తాత దయ. పాదంతో సరిపెట్టాడు. రోజూ అగరొత్తి పెట్టినందుకు ఆ మాత్రం చూశాడు. లేకపోతే ఈ గంజి తాగేదాన్నా?"

సారెత్ లేచి, ఆమె తలమీద చెయ్యి పెట్టి, బయటికొచ్చాడు. ఆవరణలో పంపు దగ్గర చాలాసేపు మొహం కడుక్కున్నాడు.

బుధవారం పొద్దున్నే ఓ ఛ్రాల్ చేరాడు. కొత్త సంవత్సరం పండగ వెళ్లి పదిరోజులైంది. ఎండ మాడ్చేస్తోంది. ఇంకో మూడు వారాల్లో వాన పడితే కర్రపెండలం నాటుకోవాలని ఊరంతా తాళ్లకవతల నుంచి ఈ పొలం వైపే చూస్తోంది.

ముసల్దాన్ని నడిపే ఛుమ్, ట్రాక్టరు నీడలో గొలుసులకి కొత్త సుత్తులు బిగిస్తున్నాడు. సారెత్‌ని చూసి లేచి, ఇనప రేకు మీద తట్టాడు. "లేవే ముసల్దానా, మీ నాన్నొచ్చాడు."

"తిన్నావా ఛుమ్?"

"తిన్నా అన్నా. నిన్నటి అన్నం, మొన్నటి ప్రహోక్ చేపపచ్చడి. కడుపులో కూడా పాతర పెట్టినట్టే ఉంది." తన మాటకి తనే నవ్వబోయి, సారెత్ మొహం చూసి ఆగాడు.

సారెత్ ట్రక్కులోంచి గట్టి అట్టపలకలు మూడు దింపాడు. మనిషి పొడుగు, జానెడు వెడల్పు ఉంటాయి, అంగుళంలో నాలుగోవంతు మందం. యంత్రం ఎంత లోతు కొడుతుందో తేల్చడానికి అంతకన్నా నిజాయితీ గల సాక్షి లేదు. నేలలో అంచు మీద నిలబెట్టి పాతి, మట్టి కప్పి, పైనుంచి యంత్రాన్ని పోనిస్తే, సుత్తులు ఎంతదాకా దిగాయో అట్ట చెబుతుంది. మనుషులు చెప్పకపోయినా చెబుతుంది.

ప్రమాదం తర్వాత పుట్ట చుట్టూ నేలని వేరే జట్టు చేతులతో గాలించి తెల్లపుల్లలు పాతింది. ఇప్పుడక్కడ భయం లేదు. సారెత్ మోకాళ్ల మీద కూర్చుని, పుట్ట మొదలు నుంచి బయటికి వరసగా మూడు పలకలు పాతాడు. మట్టి పోసి కాలితో కాదు, అరచేత్తో అదిమాడు. ఛుమ్ అది చూస్తూ నిలబడ్డాడు. అతని చేతిలో స్పానరు ఊరికే తిరుగుతోంది.

"ఆ రోజు ఎట్లా పోయావో అట్లాగే పో," అన్నాడు సారెత్.

"అట్లాగే అంటే..."

"అట్లాగే."

ముసల్ది గర్జించింది. గొలుసులు లేచాయి. ఎర్రదుమ్ము కమ్మేసింది. సారెత్ రక్షణ గోడ వెనక నుంచి చూస్తున్నాడు. యంత్రం పుట్టకి రెండు గజాల దూరంలోకి వచ్చేసరికి చప్పుడు మారింది. చాలా కొంచెం. చేసినవాడి చెవికి తప్ప తెలియదు. సుత్తులు బరువు తగ్గి, తేలిగ్గా కొట్టాయి. పుట్ట దాటాక మళ్లీ మామూలు చప్పుడు.

దుమ్ము అణిగాక పలకల్ని తవ్వి తీశాడు. గుడ్డతో మట్టి తుడిచి ట్రాక్టరు చక్రానికి ఆనించి వరసగా నిలబెట్టాడు. పుట్టకి దూరంగా ఉన్న పలక మీద గాట్లు జానెడు దిగాయి, వేలు పెట్టి కొలిచినట్టు. రెండోదాని మీద గాట్ల వరస పైకి ఎక్కడం మొదలైంది. పుట్టని ఆనుకుని పాతిన మూడోది కింద బెత్తెడు మేర చెక్కుచెదరలేదు. కొత్త అట్టలా నున్నగా ఉంది.

ఇద్దరూ ఆ బెత్తెడు వైపు చూస్తూ నిలబడ్డారు.

"బెత్తెడే అన్నా," అన్నాడు ఛుమ్ చివరికి. "చెయ్యి దానంతటదే లివరు మీదికి పోయింది. ఇవాళ కూడా ఎత్తకూడదనే ఎక్కా. నువ్వు చూస్తున్నావని కూడా తెలుసు. అయినా పోయింది. తాత నెత్తి మీద సుత్తులతో ఎట్లా కొట్టను?"

"ఎత్తినచోట ఎర్రపుల్లలు పాతాలిగా. పాతితే ఆ పిల్ల నేలని నమ్మేది కాదు."

"పాతితే ఎందుకెత్తావని అడుగుతారు. రిపోర్టులో ఏం రాయను? తాత కోసం అని రాయనా? రాజధానోళ్లు నవ్వరా?" ఛుమ్ గొంతు పెరిగింది. "నువ్వు మాత్రం? పిన్ను పీకింది ఎవరన్నా? పుట్ట దగ్గర గొలుసులు తెగుతున్నాయని కాగితంలో రాశావు. నాతో ఏమన్నావు? 'పెద్దాయన ఉన్నచోట కాస్త చూసుకో' అన్నావు. ఇద్దరం కలిసే వెలిగించాం అగరొత్తులు."

సారెత్ జేబులోంచి పిన్ను తీసి చూపించాడు. "నేనే. కాదనడానికి రాలేదు."

ఛుమ్ నేలమీద కూలబడ్డాడు. తలకి చుట్టుకున్న గళ్లతుండు విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నలభై అయిదేళ్ల మగవాడు, పాతరల మధ్య పుట్టి పెరిగినవాడు, పిల్లాడిలా ఏడ్చాడు. సారెత్ పక్కన కూర్చున్నాడు.

"ఇక దాచొద్దు ఛుమ్," అన్నాడు కాసేపటికి. "నువ్వూ వద్దు, నేనూ వద్దు. ఏదీ వద్దు."

అప్పుడే తాడు అవతల నుంచి కేక వినపడింది.

"ఏం నాయనా, ఏడుస్తూ కూచుంటే పొలం ఎప్పుడు తేలుద్ది?"

యోన్ అవ్వ. ఆ పొలం ఆమెదే. తమలపాకు నములుతూ, నడుముకి చెయ్యి ఆనించి నిలబడింది. డెబ్భై దాటాయి. రోజూ వచ్చి తాడు దగ్గర నిలబడి, ఎంతవరకు అయిందో చూసి తిట్టిపోవడం ఆమె పని.

"వచ్చేవారం అయిపోతుంది అవ్వా," అన్నాడు సారెత్ లేచి చేతులు జోడిస్తూ.

"ఏం అయిపోద్ది? అన్నీ కొట్టారు, ఆ మట్టిదిబ్బని మాత్రం వదిలేశారు. పదిహేను మొక్కల చోటు పోయింది. దాన్నెప్పుడు చదును చేస్తారు?"

ఛుమ్ తుండు దించాడు. "అది తాత పుట్ట కదా అవ్వా."

"ఏ తాత?"

"ఊరి తాత."

యోన్ అవ్వ నోట్లో ఆకు నమలడం ఆపింది. వాళ్లిద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఆయన అక్కడెందుకుంటాడు? మాతో తీసుకుపోయాంగా. మేం యుద్ధానికి భయపడి సరిహద్దు దాటి పరిగెత్తిన ఏడు, మా ఆయన తాతని నిలిపిన రాయిని తవ్వి తీసి, తుండులో మూటకట్టి నడుముకి కట్టుకున్నాడు. బియ్యం కుండ వదిలేసి రాయి తెచ్చాడని దారి పొడుగునా తిట్టా. క్యాంపులో ఎనిమిదేళ్లు మాతోపాటే ఉన్నాడు తాత, బియ్యం లైన్లో కూడా. తిరిగొచ్చాక ఈ పొలం నిండా పాతరలన్నారు. ఇక్కడెట్లా పెడతాం? మా ఇంటి మెట్ల కింద పెట్టుకున్నాం. ఆ పుట్టలో చెదలు తప్ప ఏముంది?"

చల్లబడుతున్న ఇంజను టిక్కు టిక్కుమంటోంది.

"మరి రోజూ అక్కడ అగరొత్తులు పెడుతుంటే చూశావుగా అవ్వా," అన్నాడు సారెత్.

"చూశా. మీ పిల్లే పెట్టేది, కాలు పోయిన పిల్ల. పట్నం నుంచొచ్చినోళ్లు, ఏదో మొక్కుంటదనుకున్నా. మొక్కుకునేవాళ్ల దగ్గరికెళ్లి ఎందుకు మొక్కుతున్నావని అడుగుతామా?" కొంచెం ఆగి, గొంతు తగ్గించి అంది. "మీరు నన్ను అడిగితే చెప్పేదాన్నిగా నాయనా. పొలం హద్దులు అడిగారు, బావి ఎక్కడుండేదని అడిగారు, సిపాయిలు ఎటునుంచి ఎటు నడిచేవాళ్లని అడిగారు. ఇదొక్కటి అడగలేదు."

ఛుమ్ మళ్లీ ఏడవలేదు. లేచి వెళ్లి ముసల్ది ముందు నిలబడ్డాడు. సారెత్ దాని పక్కన వెల్లకిలా పడుకుని, లివరు కింద కన్నంలోకి పిన్ను దూర్చి, సుత్తితో మూడు దెబ్బలు కొట్టాడు. పైన వెల్డింగు పెట్టాడు, ఇంకెవరూ పీకకుండా. తను కూడా.

ఛుమ్ ఎక్కాడు. ముసల్ది పుట్ట మీదుగా నేరుగా పోయింది. మూడు గొలుసులు తెగాయి. పుట్ట గుల్లగా, సులువుగా కూలిపోయింది. లోపల నిజంగానే చెదలు తప్ప ఏమీ లేదు.

శుక్రవారం పెద్దవాళ్లొచ్చినప్పుడు సారెత్ బల్లమీద పెట్టింది సంతకం చేసిన కాగితం కాదు. మూడు అట్టపలకలు, వాటి పక్కన తన చేతిరాతతో అరపేజీ. పిన్ను తనే పీకానని, గొలుసుల కోసమని అబద్ధం రాశానని, పుట్ట దగ్గర యంత్రం బెత్తెడు తక్కువ కొట్టిందని, ఆ సంగతి వెనక వచ్చే మనుషులకి ఎవరూ చెప్పలేదని. లివరు ఎత్తిన చేతి గురించి రాయలేదు. కానీ ఛుమ్ వెనకనుంచి ముందుకొచ్చి, "ఎత్తింది నేనండీ," అన్నాడు.

ఎందుకెత్తావని అడిగారు. చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. రాజధాని నుంచి వచ్చినవాళ్లలో ఒక పెద్దాయన కళ్లు దించుకుని చేతిగడియారం సరిచేసుకున్నాడు. ఆ చోట తనున్నా ఎత్తేవాడేనని ఆయనకి తెలుసని సారెత్‌కి అనిపించింది.

తీర్పు మధ్యాహ్నానికే తెలిసింది. యంత్రాన్ని పక్కన పెట్టాలి. మళ్లీ మొదటినుంచి పరీక్షలు చేయాలి. కొత్తవి ఆరు ఈ ఏడాదికి లేవు. సారెత్ ఇకమీద యంత్రాల మీద చెయ్యి వేయకూడదు, సుత్తులు అరిగితే మార్చే పని మాత్రం చేసుకోవచ్చు. ఛుమ్‌ని పంపేశారు. ఫల్లీ కాగితంలో 'అజాగ్రత్త' అన్న మాట కొట్టేశారు.

వన్నారిత్ అరవలేదు. "మీరు చేసింది మంచిపనే," అన్నాడు కుర్చీలో వెనక్కి వాలి. "ఓ ఛ్రాల్ తర్వాత నాలుగు ఊళ్లు వరసలో ఉన్నాయి. వాన పడితే ఆగరు వాళ్లు. పారలు పట్టుకుని వాళ్లే దిగుతారు. ఆ మాట మీకు చెప్పకూడదు, కానీ ఎవరికి చెప్పను?"

నిజం చెబితే మనసు తేలికపడుతుందంటారు. సారెత్ మనసు ఇంకాస్త బరువెక్కింది.

సాయంత్రం ఎండ తగ్గకముందే ఆసుపత్రికి వెళ్లాడు. కొట్టివేత ఉన్న కాగితం ఫల్లీ చేతికిచ్చాడు. ఆమె ఆ గీత మీద వేలుపెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి జరిపింది. కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చింది.

సారెత్ అంతా చెప్పాడు. పిన్ను, లివరు, అట్టపలక, బెత్తెడు. ఒక్కటీ వదలకుండా, కళ్లలోకి చూసే చెప్పాడు. "నువ్వు నమ్మిన నేల నేను కొట్టిన నేల కాదమ్మా. నన్ను తిట్టు," అన్నాడు.

ఫల్లీ తిట్టలేదు. కిటికీ వైపు తిరిగింది.

"తాత కోసమేగా ఎత్తారు," అంది. "నేనూ తాత కోసమే పక్కకేశా. ఎవర్నని తిట్టను?" తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఇటు తిరిగింది. "పుట్టని కూల్చేశారా బాబాయ్? కూల్చేముందు ఆయన్ని క్షమించమని అడిగారా?"

సారెత్ ఒళ్లో చేతులు చూసుకున్నాడు. పిన్ను కొట్టినప్పుడు తగిలిన దెబ్బకి బొటనవేలి గోరు నల్లబడింది.

"అడిగాం."

"కోపం వచ్చుంటుందా?"

"రాలేదు. యోన్ అవ్వ చెప్పింది. తాత ఇప్పుడు వాళ్లింటి మెట్ల కింద ఉన్నాడట."

ఫల్లీ మొహం విప్పారింది. ఆ వారంలో మొదటిసారి, పని రోజుల్లో ఉన్నట్టు.

"అక్కడికి మారాడా? నాకు దెబ్బ తగిలింది చూసే మారుంటాడు బాబాయ్. ఇక ఇక్కడుంటే ఇంకెవరికేమవుతుందో అని. పాపం పెద్దాయన." అరచేతులు రెండూ కలిపి నుదుటికి ఆనించుకుంది. "చూశావా, నా అగరొత్తులు ఊరికే పోలేదు. అవునా?"

సారెత్ అవునన్నాడు.